ఫ్రిజ్ పాతదైతే బాగు చేయించాలా, కొత్తది కొనాలా? ముందు పోయింది ఏంటో తెలుసుకోండి

తెనాలిలో అమ్మ వాళ్ళింట్లో ఉన్న ఫ్రిజ్ 2010లో కొన్నది, 260 లీటర్ల డబుల్ డోర్. 2022 ఏప్రిల్‌లో ఓ రోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది, పాలు విరిగిపోయాయిరా, ఫ్రీజర్‌లో ఐసు కరిగి వంటింట్లో అంతా నీళ్ళే, లైటు మాత్రం వెలుగుతోంది అని. వీధి చివర షాపు మెకానిక్‌ని పిలిస్తే వచ్చి రెండు నిమిషాలు వెనకాల చెయ్యి పెట్టి చూసి, కంప్రెషర్ పోయిందమ్మా, 7500 అవుద్ది, పన్నెండేళ్ళ ఫ్రిజ్‌కి అంత పెట్టడం దండగ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి అన్నాడంట. అమ్మ అప్పటికే సగం ఒప్పేసుకుంది, ఎండాకాలం కదా, చల్లనీళ్ళు లేకుండా ఎన్నాళ్ళుంటారు.

నేను ఒక్కరోజు ఆగమని చెప్పి శనివారం వెళ్ళా, నాన్నకి తెలిసిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, ముప్ఫై ఏళ్ళుగా ఫ్రిజ్‌లే చేస్తున్నారు, మేం బాబాయ్ అంటాం. ఆయన రాగానే ఏదీ విప్పలేదు, ముందు ప్లగ్ పెట్టి స్టూల్ వేసుకుని కూర్చున్నారు. మూడు నాలుగు నిమిషాలకోసారి వెనకనుంచి టక్ మని సౌండ్ వస్తోంది, కాసేపు ఆగి మళ్ళీ టక్. అప్పుడు ప్లగ్ తీసి, కంప్రెషర్ పక్కన అతుక్కుని ఉండే చిన్న నల్ల ప్లాస్టిక్ మూత ఊడదీసి లోపల్నుంచి అగ్గిపెట్టె కన్నా చిన్న ముక్క ఒకటి లాగారు. దాన్ని నా చెవి దగ్గర పెట్టి ఊపారు, గలగలమంది. ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన. ఇది రిలే నాయనా, లోపలి బిళ్ళ పగిలిపోయింది, కంప్రెషర్ స్టార్ట్ అవ్వాలంటే ఇదే కదా నెట్టాలి అన్నారు. తర్వాత మల్టీమీటర్‌తో కంప్రెషర్ మూడు పిన్నుల మధ్య చూశారు, పిన్నుకీ బాడీకీ మధ్య కూడా చూశారు, వైండింగ్ (లోపలి మోటారు తీగ చుట్ట) బాగానే ఉంది. రిలే, ఓవర్‌లోడ్ (కంప్రెషర్ మరీ వేడెక్కితే కరెంటు ఆపే ముక్క) రెండూ మార్చి పనికి కూడా కలిపి 450 తీసుకున్నారు. ఆ ఫ్రిజ్ ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు నడిచింది.

అదే ఫ్రిజ్‌ని 2024లో మేమే తీసేశాం, ఆ సంగతి కింద చెప్తా. ఈ రెండు సార్లూ నాకు అర్థమైంది ఏంటంటే, వస్తువు వయసు చూసి నిర్ణయం తీసుకోకూడదు, ధర అడిగి కూడా కాదు, ముందు ఏ పార్టు పోయిందో ఖాయంగా తెలుసుకోవాలి, ఆ పార్టు పేరు తెలిశాక మిగతా లెక్క అంతా పది నిమిషాల పని. మన ఇళ్ళల్లో రెండు తప్పులూ జరుగుతున్నాయి, 400 రూపాయల పార్టు పోతే మొత్తం ఫ్రిజ్ పాత సామాన్లకి వేసేసేవాళ్ళు ఉన్నారు, అసలు బాగుపడని దానికి ప్రతి ఎండాకాలం గ్యాస్ పట్టిస్తూ డబ్బులు పోసేవాళ్ళూ ఉన్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మెకానిక్‌ని పిలిచే ముందు మీరే చూడాల్సినవి

కరెంటు వస్తోందా అనేది ముందు చూడండి, ఆ సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూస్తే చాలు. స్టెబిలైజర్ ఉంటే దాన్ని తీసేసి ఒక్కసారి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడండి (వోల్టేజ్ సరిగ్గా ఉన్న టైములో మాత్రమే), చాలాసార్లు పోయేది స్టెబిలైజరే, ఫ్రిజ్ కాదు. లోపల థర్మోస్టాట్ నాబ్ ఎక్కడుందో చూడండి, గిన్నె తగిలి జీరోకి తిరిగిపోయి ఉంటుంది ఒక్కోసారి, ఇది చిన్నవిషయంలా ఉంటుంది కానీ దీనికే విజిటింగ్ ఛార్జి 400 కట్టినవాళ్ళు నాకు తెలుసు.

డోర్ రబ్బరు చూడ్డానికి పది రూపాయల నోటు చాలు. నోటు సగం లోపల సగం బయట ఉండేలా పెట్టి తలుపు వేసి లాగండి, గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు, ఊరికే జారి వచ్చేస్తే అక్కడ గాలి పోతున్నట్టు. నాలుగు పక్కలా చెయ్యాలి, ముఖ్యంగా హ్యాండిల్ ఉన్న వైపు కింద మూల. రబ్బరు సందుల్లో జిడ్డూ బూజూ ఉంటే గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిచి మళ్ళీ నోటు పెట్టి చూడండి, సగం కేసుల్లో దాంతోనే సరిపోతుంది. చిరిగిపోతే మార్చాల్సిందే, మా వైపు సైజుని బట్టి 800 నుంచి 1500 దాకా అవుతోంది.

వెనకాల నల్ల జాలీ ఉన్న పాత మోడల్ అయితే ప్లగ్ తీసి దుమ్ము దులపండి, గోడకి కనీసం అరచెయ్యి పట్టేంత దూరం జరపండి. జాలీ లేని మోడల్స్‌లో ఆ పైపులు పక్క గోడల్లోనే ఉంటాయి, అందుకే ఫ్రిజ్ పక్కలు వేడిగా తగుల్తాయి, అది రోగం కాదు. ఆ పక్కల్ని బియ్యం డ్రమ్ముతోనో గోడతోనో ఆనించేస్తే మాత్రం వేడి బయటికి పోదు, కంప్రెషర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. డబుల్ డోర్ ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్ బాగా గడ్డకడుతోంది, కింద మాత్రం చల్లగా ఉండట్లేదు, కూరగాయలు వాడిపోతున్నాయి అంటే అది చాలావరకు గ్యాస్ సమస్య కాదు. గ్యాస్ పోతే ఫ్రీజర్ కూడా సరిగ్గా గడ్డకట్టదు కదా. ఇక్కడ జరిగేది ఏంటంటే ఫ్రీజర్ వెనక ప్యానెల్ లోపల కాయిల్ మీద ఐసు మందంగా పేరుకుపోయి, చల్లగాలి కిందకి వచ్చే దారి మూసుకుపోతుంది. ఆ ఐసుని రోజూ కరిగించడానికి లోపల ఒక హీటరు, దానికో టైమరు లేదా సెన్సారు ఉంటాయి, వాటిల్లో ఏదో ఒకటి పోయుంటుంది. టెస్ట్ ఏంటంటే సామాన్లన్నీ తీసేసి, ప్లగ్ పీకి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజంతా వదిలేయండి, కింద పాత గుడ్డలు వేయండి నీళ్ళు వస్తాయి. మళ్ళీ ఆన్ చేశాక నాలుగైదు రోజులు బ్రహ్మాండంగా పనిచేసి మళ్ళీ మొదటికొస్తే హీటరు సెట్ మార్చాల్సిందే, అది వెయ్యి రెండు వేలల్లో అయిపోయే పని. దీన్నే గ్యాస్ తగ్గింది అని చెప్పి 2800 తీసుకుని, పని మధ్యలో ఐసు ఎలాగూ కరుగుతుంది కాబట్టి నాలుగు రోజులు బాగానే నడిచి మళ్ళీ ఆగిపోయిన కేసు మా అక్కవాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే జరిగింది.

అసలు గ్యాస్ అనేది బండిలో పెట్రోల్‌లాగా అయిపోయేది కాదండి. మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, ఇరవై ఏళ్ళైనా తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఆ లీకు కట్టకుండా గ్యాస్ పట్టించడం అంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. అందుకే ఎవరైనా గ్యాస్ పోయింది అంటే వెంటనే అడగాల్సింది, లీకు ఎక్కడ ఉంది అన్నా, నాకు చూపించు అని. సరిగ్గా చేసేవాళ్ళు నైట్రోజన్ ఎక్కించి సబ్బునురగతో జాయింట్లు చూస్తారు, లీకు కట్టాక ఫిల్టర్ మార్చి వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలీ తేమా లాగేసి అప్పుడు గ్యాస్‌ని కాటా మీద తూకం వేసి పడతారు. కంప్రెషర్ మీద స్టిక్కర్‌లో గ్యాస్ పేరు ఉంటుంది, ఆర్134ఏ అనో ఆర్600ఏ అనో, ఎన్ని గ్రాములో కూడా ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. ఆర్600ఏ అంటే ఐసోబ్యూటేన్, వంట గ్యాస్ జాతిదే, మంటకి అంటుకుంటుంది, అందుకని ఆ పని జరిగేటప్పుడు కిటికీలు తెరవండి, స్టవ్ ఆపేయండి, లోపల గ్యాస్ ఉండగానే వెల్డింగ్ మంట పెట్టబోతే వద్దని ఆపేయండి. తూకం లేకుండా చేత్తో పైపు పట్టుకుని చల్లబడింది చాలు అనేవాళ్ళ చేత చేయించకండి.

గుండె పోయిందా, చెయ్యి పోయిందా

బాబాయ్ చెప్పిన మాట ఇది, నాకు బాగా నచ్చింది. ప్రతి వస్తువుకీ ఒక గుండె ఉంటుంది, మిగతావన్నీ చేతులూ కాళ్ళూ. ఫ్రిజ్‌కి గుండె కంప్రెషరూ దాంతో కలిసున్న గ్యాస్ పైపులూ. రిలే, థర్మోస్టాట్, డోర్ రబ్బరు, లోపలి ఫ్యాను, హీటరు, లైటు, ఇవన్నీ బయటవి, ఫ్రిజ్ ఎంత పాతదైనా ఇవి మార్చించుకోవచ్చు, తప్పు లేదు. గుండె పోయినప్పుడే కూర్చుని లెక్క వెయ్యాలి.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు గుండె పోగొట్టుకునేది ఎక్కువగా మన చేతుల్లోనే. ఐసు గట్టిగా కట్టేసి పాల ప్యాకెట్ అంటుకుపోతే చాకుతో పొడిచి లాగుతాం చూడండి, ఆ ఫ్రీజర్ గోడల్లోనే పల్చటి అల్యూమినియం దారుల్లో గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. మా అక్క అలాగే చాకు పెడితే సుయ్ మని సౌండ్ వచ్చిందంట, పది సెకన్లు, అంతే, ఏడేళ్ళ ఫ్రిజ్ ఆగిపోయింది. ఆ చిల్లుకి మందు పెట్టి అంటిస్తారు గానీ ఎక్కువకాలం ఆగదు, ఫ్రీజర్ మొత్తం మార్చాలంటే దొరకాలి, దొరికినా ఖర్చు ఎక్కువ. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి ఒక రాత్రి వదిలేయండి, తొందరైతే వేడినీళ్ళ గిన్నె లోపల పెట్టి తలుపెయ్యండి, చాకు మాత్రం వద్దు, పనమ్మాయికి కూడా చెప్పి ఉంచండి.

ఇప్పుడు లెక్క. అందరూ చెప్పే రూల్ ఒకటి ఉంది, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనెయ్ అని. అది తప్పని అనను కానీ సరిపోదు, ఎందుకంటే ఆ రిపేరు తర్వాత వస్తువు ఎన్నాళ్ళు నడుస్తుందో అందులో లేదు. నేను వేసేది ఏడాదికి ఎంత పడుతోంది అనే లెక్క. మా ఫ్రిజ్‌తోనే చూపిస్తా.

కొత్తది అదే సైజు 26,000, పన్నెండేళ్ళు నడుస్తుంది అనుకుంటే ఏడాదికి దాదాపు 2,170. పాతది కొత్తదానికన్నా ఎక్కువ కరెంటు తాగుతుంది కదా, అది కూడా కలపాలి. దానికి నేను చేసింది ఏంటంటే 2023లో దసరాకి అందరూ హైదరాబాద్ వస్తున్నప్పుడు ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపేయించి ఫ్రిజ్ ఒక్కటే ఉంచి నాన్నని మీటర్ రీడింగ్ ఫోటో తియ్యమన్నా, మూడు రోజుల తర్వాత తిరిగెళ్ళి చూస్తే 4.5 యూనిట్లు తిరిగింది, అంటే రోజుకి ఒకటిన్నర. ఇప్పుడొచ్చే అదే సైజువి స్టార్ లేబుల్ చూసుకుంటే మామూలు వాడకంలో రోజుకి 0.8 అనుకోవచ్చు. తేడా 0.7, నెలకి 21 యూనిట్లు, మాకు పై స్లాబులో యూనిట్ 6 రూపాయలు కాబట్టి నెలకి 126, ఏడాదికి 1,500. ఇక్కడ ఒకటి గమనించండి, బిల్లు స్లాబుల్లో ఉంటుంది కాబట్టి మీరు తగ్గించే యూనిట్లు పై స్లాబు నుంచే తగ్గుతాయి, అందుకే సగటు రేటు కాకుండా పై రేటు వేసుకోవాలి. తెలంగాణలో గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్ళకైతే 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు ఉండదు కాబట్టి, 190, 205 మధ్య ఊగిసలాడే ఇంట్లో ఆ 21 యూనిట్ల విలువ చాలా ఎక్కువ.

ఇప్పుడు పోల్చండి. 2022లో రిలేకి 450, రెండేళ్ళు నడిచింది, ఏడాదికి 225, దానికి కరెంటు తేడా 1,500 కలిపితే 1,725. కొత్తదానికి 2,170. రిపేరే నయం. అదే ఆ రోజు నిజంగా కంప్రెషర్ పోయి ఉంటే 7500, పన్నెండేళ్ళ ఫ్రిజ్‌కి ఇంకో మూడేళ్ళు వస్తుందనుకున్నా ఏడాదికి 2,500, కరెంటుతో కలిపి 4,000. అప్పుడు కొత్తదే. షాపులో కరెంటు మిగులుతుంది సార్, దాంతోనే డబ్బులు వచ్చేస్తాయి అంటారు చూడండి, ఏడాదికి 1,500 మిగిలితే 26,000 రావడానికి పదిహేడేళ్ళు పడుతుంది. బాగా నడుస్తున్న ఫ్రిజ్‌ని ఆ ఒక్క మాట విని మార్చకండి.

2024 సంగతి ఇదే. ఫిబ్రవరిలో చల్లదనం తగ్గింది, బాబాయ్ ఊళ్ళో లేరు, వేరే అతను వచ్చి ఫిల్టర్ మార్చి గ్యాస్ పట్టి 2,800 తీసుకున్నాడు. మే వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. మూడు నెలలకి 2,800 అంటే ఏడాదికి 11,200 లెక్క! బాబాయ్ వచ్చి ప్రెషర్ పెట్టి చూస్తే బయటి జాయింట్లన్నీ బాగున్నాయి, కానీ ప్రెషర్ మీటర్ ముల్లు నెమ్మదిగా దిగుతోంది. ఫ్రీజర్ తలుపు చుట్టూ ఫ్రేములో ఒక వేడి పైపు తిరుగుతుంది, అక్కడ చెమ్మ పట్టకుండా పెడతారు, అది లోపల్లోపలే తుప్పు పట్టి చిల్లు పడింది. ఫోమ్ లోపల ఉంటుంది, కట్టలేం. ఆ పైపుని వదిలేసి బైపాస్ చేస్తే 4,500 అవుతుంది, కానీ నాయనా ఒకచోట తుప్పు వచ్చిందంటే రెండోచోట రాదని నేను చెప్పలేను అన్నారు. రెండేళ్ళు వస్తుందనుకున్నా 2,250, కరెంటు 1,500, మొత్తం 3,750. అమ్మ ఆ కాగితం చూసి సరేలే ఇంక చాలు దీని సేవ అంది. ఆయనకి ఆ 4,500 వచ్చే పని, వద్దని ఆయనే చెప్పారు, అలాంటి మనిషి దొరికితే వదులుకోకండి.

నడిచే సంవత్సరాలు ఎలా ఊహించాలి అని అడుగుతారు. తక్కువలోనే వేసుకోండి. మెకానిక్‌ని ఎన్నాళ్ళు గ్యారంటీ ఇస్తావన్నా అని అడగండి, మూడు నెలలు కూడా రాసివ్వనంటే మీ ఊహని సగానికి తగ్గించండి. ఇంట్లో వస్తువుకి ఈ మధ్య వరసగా రిపేర్లు వస్తుంటే కూడా తగ్గించండి.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు

పోయిన పార్టు పేరు చెప్పించుకోండి, తీసిన పాత పార్టు మీకే ఇవ్వమనండి, బిల్లు మీద పార్టు పేరూ తారీఖూ రాయించుకోండి. బోర్డు గానీ కంప్రెషర్ గానీ షాపుకి తీసుకెళ్తాను అంటే పంపే ముందు దాని మీద నంబర్ కనపడేలా ఫోటో తీసి పెట్టుకోండి. పెద్ద ఖర్చు చెప్తే విజిటింగ్ ఛార్జి ఇచ్చి పంపించేసి రెండో మనిషిని పిలవండి, ఆ 400 పోయినట్టు అనుకోవద్దు, మాకు ఆ రెండో మనిషి వల్లే రెండేళ్ళు కలిసొచ్చింది.

వారంటీ కార్డు తప్పకుండా వెతకండి. వస్తువుకి ఏడాదే ఉన్నా కంప్రెషర్‌కి పదేళ్ళు ఇచ్చిన కంపెనీలు చాలా ఉన్నాయి, ఎనిమిదేళ్ళ ఫ్రిజ్‌కి కూడా అది పనికొస్తుంది, చాలామంది మర్చిపోయి బయట డబ్బులిచ్చి చేయించుకుంటున్నారు. కాకపోతే ఫ్రీగా వచ్చేది సాధారణంగా కంప్రెషర్ ఒక్కటే, గ్యాస్, కూలి, రవాణా మనమే పెట్టుకోవాలి, ఆ మొత్తం ముందే అడిగి లెక్కలో వేసుకోండి.

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతికి పైన కనపడినదానికి ఫోన్ చెయ్యొద్దు, చాలా దొంగ నంబర్లు ఉన్నాయి, పది రూపాయలు కట్టండి లింక్ పంపిస్తున్నాం అనో, ఈ యాప్ వేసుకోండి అనో అంటే వెంటనే ఫోన్ కట్ చేసేయండి. నంబర్ వారంటీ కార్డు మీదో కంపెనీ సొంత సైట్‌లోనో తీసుకోండి. పొరపాటున డబ్బులు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. కంపెనీ సర్వీసు సరిగ్గా చెయ్యకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఫ్రిజ్ కాకుండా మిగతావి

గీజర్‌కి గుండె ట్యాంకు. నీళ్ళు వేడెక్కట్లేదంటే ఎలిమెంట్ గానీ థర్మోస్టాట్ గానీ, రెండూ మార్చేయొచ్చు, బోరు నీళ్ళ ఇళ్ళల్లో ఎలిమెంట్ మీద సున్నం పొరలు పొరలుగా కట్టి ఉంటుంది, అది తీయించేటప్పుడే లోపల ఉండే మెగ్నీషియం రాడ్ కూడా మార్పించండి, ట్యాంకు తుప్పు పట్టకుండా ఆ రాడ్డే తను అరిగిపోతూ కాపాడుతుంది. నీళ్ళు కారుతుంటే పైపు జాయింట్ దగ్గరా, బాడీ లోపల్నుంచా అనేది చూడండి, లోపల్నుంచి అయితే ట్యాంకు పోయినట్టే, మార్చేయండి. పట్టుకుంటే షాక్ కొట్టే గీజర్‌ని మాత్రం ఒక్కరోజు కూడా వాడొద్దు, బోర్డులో దాని ఎంసీబీ (ఆ లైన్‌కి ఉండే స్విచ్) ఆపేసి ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్‌తో సహా చూసేదాకా బకెట్ నీళ్ళు పొయ్యి మీద పెట్టుకోండి.

వాషింగ్ మెషిన్ సెమీ ఆటోమేటిక్ అయితే టైమర్లు, మోటార్లు, బెల్టు అన్నీ విడిగా దొరుకుతాయి, బాగు చేయించుకోవచ్చు. ఫ్రంట్ లోడ్ స్పిన్‌లో విమానం లేస్తున్నట్టు సౌండ్ వస్తోందంటే బేరింగ్. ప్లగ్ తీసి డ్రమ్ము లోపలి అంచు పట్టుకుని పైకీ కిందకీ కదపండి, లొడలొడ ఆడుతుంటే ఖాయం. కొన్ని మోడల్స్‌లో టబ్బు విప్పి బేరింగ్ మార్చొచ్చు, కొన్నిటికి టబ్బు అతికేసి ఉంటుంది, మొత్తం మార్చాలి, ఎనిమిదేళ్ళు దాటిన మెషిన్‌కి అది దండగ. బోర్డు పోయిందంటే కొత్త బోర్డు ధర విని భయపడకండి, ఎలుక కొరికిన వైరో బొద్దింక దూరి కాలిన చిన్న ముక్కో అయి ఉండొచ్చు, బోర్డు బాగుచేసే షాపులు పెద్ద ఊళ్ళల్లో ఉంటాయి, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి.

మిక్సీకి జారు తిరగట్లేదంటే కింద రబ్బరు కప్లర్, వంద రూపాయల పని. ఆగిపోతే ముందు అడుగున ఎర్ర బటన్ నొక్కి చూడండి. మోటారు కాలిన వాసనొస్తే వైండింగ్ ఖర్చూ కొత్తదాని ధరా పోల్చుకోండి.

సీలింగ్ ఫ్యాను విషయంలో లెక్క తిరగబడుతుంది. నెమ్మదిగా తిరుగుతుంటే కండెన్సర్ మార్చుకోండి, అది చాలా తక్కువ ఖర్చు. వైండింగ్ కాలిపోతే మాత్రం మళ్ళీ చుట్టించకండి. పాతది 75 వాట్లు, ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది) 30 వాట్ల దగ్గర ఉంటుంది, రోజుకి 15 గంటలు తిరిగే హాల్లో నెలకి 20 యూనిట్లు తగ్గుతాయి, 6 రూపాయల చొప్పున 120, మూడు వేల లోపు ఫ్యాను రెండేళ్ళలో డబ్బులు తెచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో తగ్గేదీ, ఒక్క ఫ్యానులో తగ్గేదీ దాదాపు ఒకటే, ధర మాత్రం తొమ్మిదో వంతు.

మార్చాలని తేల్చుకున్నాక

షాపులో స్టార్లు లెక్కపెట్టడం కన్నా లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఉన్న అంకె చూడండి, కింద ఆ లేబుల్ ఏ సంవత్సరాలకి చెల్లుతుందో కూడా ఉంటుంది. రూల్స్ కొన్నేళ్ళకోసారి బిగిస్తారు కాబట్టి పాత లేబుల్ 5 స్టారూ కొత్త లేబుల్ 5 స్టారూ ఒకటి కాదు. ధర ముందు బేరం ఆడండి, ఎక్స్ఛేంజ్ మాట ఆ తర్వాతే ఎత్తండి, లేకపోతే పాతదానికి 2,500 ఇస్తున్నాం అంటూ అది కొత్తదాని ధరలోనే కలిపేస్తారు.

పాతదాన్ని వీధిలో వచ్చే పాత సామాన్ల అబ్బాయికి ఇస్తే అతను పైపు కోసి రాగి తీసుకుంటాడు, మిగిలిన గ్యాస్ గాల్లో కలుస్తుంది. ఆర్134ఏ అయితే కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకి పైగా వేడి పెంచే గ్యాస్ అది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి రిజిస్టర్ అయిన రీసైక్లర్లకి చేరేలా చూసే బాధ్యత కంపెనీలదే, కాబట్టి ఎక్స్ఛేంజ్‌లోనో కంపెనీకి ఫోన్ చేసో ఇవ్వండి. ఇంట్లో ఖాళీగా ఉంచుకుంటే మాత్రం తలుపులు ఊడదీసి పెట్టండి, పిల్లలు దాక్కుంటే లోపల్నుంచి తెరుచుకోలేరు, ఇది చాలా ప్రమాదం.

కొత్తది ఇంటికొచ్చాక దారిలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి కొన్ని గంటలు ఆగి అప్పుడు ప్లగ్ పెట్టండి, కంప్రెషర్‌లో నూనె కిందకి దిగాలి. మేం ఆ రోజు మధ్యాహ్నం తెచ్చి సాయంత్రం ఆరింటికి ఆన్ చేశాం. అమ్మ పాత ఫ్రిజ్ లోపలి గుడ్ల ట్రే, స్టీలు ఐసు ట్రే కడిగి కొత్తదాంట్లో పెట్టుకుంది, నేను బిల్లూ వారంటీ కార్డూ ఫోటో తీసి అందరి ఫోన్లకీ పంపి, ఫ్రిజ్ వెనక పై మూల నల్ల మార్కర్‌తో రాసిపెట్టా: 18-5-2024, కంప్రెషర్ వారంటీ 2034 దాకా.